పాలచుక్కల కప్ప చేప

ఆంధ్ర తీరంలో నదుల మొగల దగ్గర, మడ అడవుల పాయల్లో, ఉప్పుటేళ్లలో బతికే చిన్న విషపు చేప. శాస్త్రీయ నామం కెలోనొడాంటాప్స్ పటోకా. పఫర్ చేపల కుటుంబమైన టెట్రాడాంటిడేకు చెందింది. ఈ కుటుంబంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 200 జాతులున్నాయి. బెదిరిస్తే నీళ్లు మింగి బుంగలా ఉబ్బిపోవడం, ఒంట్లో టెట్రొడొటాక్సిన్ అనే విషం ఉండడం వీటి పేరుమోసిన లక్షణాలు. తీరంలో వీటిని కప్ప చేపలంటారు. వలలో పడితే జాలర్లు ఏరి ఇసుకలో పారేస్తారు. కాకి కూడా ముట్టని ఈ చేప గురించి రేవులో మాట్లాడుకునేది తక్కువే. శాస్త్రజ్ఞులు మాత్రం ఈ కుటుంబం గురించి వందేళ్లకు పైగా మాట్లాడుతూనే ఉన్నారు.

రూపం

పూర్తిగా పెరిగితే 38 సెంటీమీటర్ల దాకా వస్తుంది. వలల్లో మామూలుగా కనిపించేవి జానెడు, అంతకన్నా చిన్నవి. వీపు గోధుమ, బూడిద రంగులు కలిసినట్టుంటుంది. దాని మీద గుండ్రటి తెల్ల చుక్కలు చల్లినట్టుంటాయి. వీపుకు అడ్డంగా ముదురు పట్టీలు పోతాయి. పొట్ట వెండి తెలుపు. పక్కన కింది భాగంలో, తెలుపు మొదలయ్యేచోట, పసుపు చార ఒకటి సాగుతుంది. చేప చచ్చి ఎండలో పడి ఉంటే ఈ పసుపు త్వరగా వెలిసిపోతుంది. ఒడ్డున చూసినవాళ్లకు ఎక్కువగా గుర్తుండేవి చుక్కలే.

పొలుసులు ఉండవు. వాటి బదులు వీపు మీద, పొట్ట మీద చిన్న చిన్న ముళ్లు చర్మంలో అణిగి ఉంటాయి. ఒళ్లు ఉబ్బినప్పుడే అవి నిక్కపొడుచుకుంటాయి. పొట్ట రెక్కలు లేవు, పక్కటెముకలు లేవు. వీపు మీద బాగా వెనక్కి ఒక రెక్క, దానికి ఎదురుగా కింద ఇంకో రెక్క ఉంటాయి. ఆ రెండూ ఊగుతూ చేపను నడిపిస్తాయి. తోక ఎక్కువగా దిక్కు మార్చుకోవడానికే. ఈ ఏర్పాటుతో ఉన్నచోటే నిలవగలదు, వెనక్కి కూడా ఈదగలదు గానీ వేగం మాత్రం రాదు. వంజరంలా దూసుకుపోయే చేపల సముద్రంలో ఇది పారిపోలేని చేప. దీని బతుకులో వింతగా కనిపించే సంగతులన్నీ ఈ ఒక్క లోటు చుట్టూ అల్లుకున్నవే.

నోరు చిన్నది. పళ్లు విడివిడిగా ఉండవు. పై దవడలో రెండు, కింది దవడలో రెండు పలకలుగా అతుక్కుపోయి పక్షి ముక్కులా కనిపిస్తాయి. 1758లో లిన్నేయస్ పఫర్ల ప్రజాతికి టెట్రాడాన్, అంటే నాలుగు పళ్లది, అని పేరు పెట్టింది ఇందుకే. ఈ పలకలు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గుల్లలు, పీత డిప్పలు కొరికి అరగదీసుకోకపోతే నోరు మూతపడే స్థితి వస్తుంది. గాజు తొట్టెల్లో మెత్తటి మేత వేసి పెంచేవాళ్లకు ఇది పెద్ద తలనొప్పి. కొరికే బలం కూడా తక్కువేమీ కాదు. గాలపు తాడును తెంపుతుంది, అజాగ్రత్తగా పట్టుకుంటే వేలి కండ ఊడదీస్తుంది.

దగ్గరి బంధువుల నుంచి దీన్ని విడదీసి చెప్పే గుర్తు ముక్కు. ముక్కు ఉండాల్సిన చోట చిన్న పల్లం, దానికి ముందొకటి వెనకొకటి చర్మపు మడతలు ఉంటాయి. చేతిలో పట్టుకుని నిదానంగా చూస్తే తప్ప ఇది కనబడదు. మన తీరంలోనే దొరికే టాకిఫుగు ఆబ్లాంగస్‌కు కూడా వీపు మీద తెల్ల చుక్కలు, అడ్డపట్టీలు ఉంటాయి కాబట్టి రెంటినీ ఒకటే అనుకోవడం మామూలే. డైకోటొమిక్టీర్ ఫ్లూవియాటిలిస్ ఇంకా చిన్నది, పచ్చటి వీపు మీద నల్లటి మచ్చలతో ఉంటుంది. ఉప్పుటేళ్లలో ఎక్కువగా అదే కనిపిస్తుంది. ఒడ్డుకు కాస్త దూరంగా, మరపడవల వలల్లో గుట్టగా పడే వెండి రంగు పఫర్లు లాగోసెఫలస్ ప్రజాతివి. అవి వేరే కథ.

నివాసం, తిండి

తూర్పు ఆఫ్రికా నుంచి భారత తీరాలు, ఆగ్నేయాసియా మీదుగా ఉత్తర ఆస్ట్రేలియా దాకా, పైకి చైనా దాకా పాలచుక్కల కప్ప చేప విస్తరించి ఉంది. లోతు నీళ్లు దీనికి అక్కర్లేదు. బురదా ఇసుకా కలిసిన అడుగు, ఆటుపోట్లతో ఉప్పదనం మారే నీళ్లు ఉంటే చాలు. తెలుగు తీరంలో పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది. అదే పాయలో పొద్దున సముద్రపు నీళ్లు, మధ్యాహ్నానికి నది నీళ్లు ఉండవచ్చు. చాలా చేపలకు ఇది ప్రాణాంతకం. ఈ చేప మాత్రం తట్టుకుంటుంది, నదిలో కొంతదూరం పైకి కూడా ఎక్కుతుంది.

ఇలాంటి నీళ్లకు ఆంధ్రలో కొదవ లేదు. గోదావరి మొగ దగ్గర కాకినాడ పక్కన కోరింగ మడ అడవులున్నాయి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ ప్రాంతం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. బయట సముద్రానికి అడ్డుగా హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ సాగి ఉండడంతో లోపలి కాకినాడ అఖాతం నిలకడగా ఉంటుంది. దక్షిణాన కృష్ణ మొగల దగ్గర మడ అడవులు, ఇంకా కిందికి పోతే పులికాట్ సరస్సు ఉన్నాయి. మడ చెట్ల వేర్ల మధ్య నత్తలు, గుల్లలు, చిన్న పీతలు, రొయ్య పిల్లలు, పురుగులు పుష్కలం. కప్ప చేప మేత అదే. నోటితో ఇసుక మీదికి నీళ్లు చిమ్మి, దాక్కున్న పురుగును బయటికి లాగి తినడం పఫర్లకు అలవాటు. కళ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తిరుగుతాయి. తిండి మీద ఒక కన్ను, శత్రువు మీద ఒక కన్ను వేసి ఉంచడం దీనికి నిజంగానే సాధ్యం.

ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంఘం ఎర్ర జాబితాలో ఈ జాతికి ఇప్పటికిప్పుడు ముప్పు లేదనే ఉంది. విస్తృతి పెద్దది, కొనేవాళ్లు లేరు కాబట్టి ఆ మాట సబబే. ముప్పంటూ ఉంటే అది మడ అడవికి వచ్చే ముప్పే. 1990ల నాటి రొయ్యల చెరువుల జోరు గోదావరి, కృష్ణ డెల్టాల్లో ఆ అడవిని ఎంత మింగిందో తీరంవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఉబ్బడం

ఉబ్బేది గాలితో అనుకుంటారు. నీళ్లలో ఉన్నప్పుడు అది నీళ్లతోనే ఉబ్బుతుంది. నోటిని పంపులా వాడి, గుక్క మీద గుక్క వేగంగా నీళ్లు మింగి జీర్ణాశయంలోకి తోస్తుంది. పఫర్ల జీర్ణాశయం తిండిని అరిగించే పని దాదాపు మానేసింది. అది ముడతలు ముడతలుగా ఉండి, సాగడానికే పనికొస్తుంది. అడ్డుకోవడానికి పక్కటెముకలు లేవు, చర్మం సాగుతుంది. క్షణాల్లో చేప గుండ్రంగా, ముళ్లు బయటపెట్టి, మింగబోయిన నోటికి పట్టని పరిమాణానికి వస్తుంది. గట్టున పడేస్తే నీళ్ల బదులు గాలి మింగుతుంది. పిల్లలు ఒడ్డున ఆడుకునే ఉబ్బిన చేపల్లో ఉండేది ఆ గాలే. మింగిన గాలిని వదిలించుకోవడం నీటిని వదిలినంత సులువు కాదు. అలా ఉబ్బిన చేపను తిరిగి నీళ్లలో వేస్తే తలకిందులుగా తేలుతూ కొట్టుకోవచ్చు.

సన్‌ఫిష్, ట్రిగ్గర్ చేప, పెట్టె చేప, ముళ్ల పంది చేప ఇవన్నీ పఫర్లకు బంధువులే. ఒకే వర్గంలో టన్ను దాటి తూగే సన్‌ఫిష్, అంగుళమంత కేరళ మరుగుజ్జు పఫర్ కలిసి ఉండడం వర్గీకరణ శాస్త్రంలోని తమాషాల్లో ఒకటి. ఇటలీలోని మోంటే బోల్కా రాళ్లలో సుమారు 5 కోట్ల ఏళ్లనాటి పఫర్ శిలాజాలు దొరికాయి. వాటి పోలిక ఇప్పటి చేపలకు చాలా దగ్గర.

విషం

పారిపోలేని చేపకు ఉబ్బడం ఒక్కటే చాలదు. విషం రెండో కోట. దీని అణువులో 11 కర్బనం, 17 హైడ్రొజన్, 3 నైట్రొజన్, 8 ఆక్సిజన్ పరమాణువులుంటాయి. 1909లో జపాన్ శాస్త్రజ్ఞుడు తహారా యోషిజుమి పఫర్ అండాశయాల నుంచి దీన్ని వేరుచేసి టెట్రొడొటాక్సిన్ అని పేరు పెట్టాడు. ఆయన చేతికి వచ్చింది పూర్తిగా శుద్ధమైన పదార్థం కాదు. నిర్మాణం తేలడానికి ఇంకో 55 ఏళ్లు పట్టింది. 1964లో క్యోటోలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో అమెరికా నుంచి వుడ్‌వర్డ్, మోషర్ల బృందాలు, జపాన్ నుంచి త్సుడా, గోటోల బృందాలు విడివిడిగా ఒకే జవాబు చెప్పాయి. మోషర్ పరిశోధిస్తున్నది కాలిఫోర్నియా న్యూట్‌లోని విషాన్ని. తోకున్న ఆ నేల జంతువులోదీ, సముద్రపు చేపలోదీ ఒకే విషమని అలా బయటపడింది. 1972లో కిషి యోషితో దీన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు.

పనిచేసే తీరు ఇది. నరాల్లో కబురు నడవాలంటే సోడియం అయాన్లు నరకణం గోడలోని సన్నటి ద్వారాల గుండా లోపలికి రావాలి. టెట్రొడొటాక్సిన్ అణువు ఆ ద్వారం బయటి కొసలో సరిగ్గా ఇరుక్కుని మూసేస్తుంది. మిగతా ద్వారాలను ముట్టదు. ఈ సంగతిని 1964లో నరహషి తోషియో బృందం నిరూపించింది. ఆ తర్వాత నాడీశాస్త్ర ప్రయోగశాలల్లో ఈ విషం రోజువారీ పనిముట్టయింది. తీరని కేన్సర్ నొప్పిని తగ్గించడానికి అతి తక్కువ మోతాదుల్లో వాడవచ్చా అని మనుషుల మీద పరీక్షలు కూడా జరిగాయి.

మరి చేప ఎందుకు చావదు? దాని సోడియం ద్వారాలు ప్రొటీన్లే. వాటిలో విషం అతుక్కునే చోట ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మారిపోయి ఉన్నాయి. విషానికి పట్టు దొరకదు. పఫర్లలో వేర్వేరు ద్వారాల్లో ఈ మార్పు విడివిడిగా జరిగిందని జన్యు అధ్యయనాలు చూపాయి.

అన్నిటికన్నా ఆసక్తికరమైన విషయం, ఈ విషం చేప సొంతం కాదు. దీన్ని తయారుచేసేవి బాక్టీరియా అని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. విబ్రియో వంటి సముద్రపు బాక్టీరియాలో దీన్ని కనుగొన్నారు. నక్షత్ర చేపలు, బల్లపరుపు పురుగులు, కొన్ని నత్తల ద్వారా తిండి గొలుసులో పైకి ఎక్కి పఫర్ కాలేయానికి, అండాశయానికి, చర్మానికి చేరుతుంది. విషం లేని మేత వేసి, సముద్రం అడుగుకు తగలకుండా పెంచిన పఫర్లలో విషం లేదని జపాన్ పరిశోధనలు తేల్చాయి. అందుకే ఒకే జాతి చేపలో ఒకచోట విషం ఎక్కువ, ఇంకోచోట తక్కువ ఉంటుంది. ఋతువును బట్టి కూడా మారుతుంది. గుడ్లు నిండిన ఆడ చేప అన్నిటికన్నా ప్రమాదకరం. తల్లి ఆ విషాన్ని గుడ్లకు పంచి ఇస్తుంది. టాకిఫుగు జాతుల పిల్లలను మింగబోయిన చేపలు వెంటనే ఉమ్మేయడాన్ని జపాన్‌లో గమనించారు. గుడ్ల నుంచి నీళ్లలో కలిసే విషపు జాడను పసిగట్టి మగ చేపలు దగ్గరికి వస్తాయని 1995లో ఇంకో పరిశోధన చెప్పింది. చంపే పదార్థమే సంసారానికి పిలుపు కావడం అరుదు.

తొలి వర్ణనలు

ఈ చేపకు శాస్త్రంలో పేరు పెట్టింది ఫ్రాన్సిస్ బుకానన్-హామిల్టన్. 1822లో ఎడిన్‌బరోలో అచ్చయిన గంగానది చేపల గ్రంథంలో టెట్రొడాన్ పటోకాగా వర్ణించాడు. బెంగాల్‌లో పఫర్లను పోట్కా అంటారు. జాతి పేరు అక్కడి నుంచి వచ్చినదే. తర్వాత చాలాకాలం కెలోనొడాన్ ప్రజాతిలో ఉండి, ఈ మధ్య కెలోనొడాంటాప్స్‌లోకి మారింది.

తెలుగువాళ్లకు ఇంతకన్నా దగ్గరి పుస్తకం ఇంకోటి ఉంది. కాటుక రేకుల పాముకు ఇంగ్లీషులో తన పేరే మిగిల్చిన స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1780లలో విశాఖపట్నంలో ఉండి ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. అక్కడి రేవులో సేకరించిన 200 చేపల వర్ణనలు, బొమ్మలు రెండు సంపుటాలుగా 1803లో లండన్‌లో వెలువడ్డాయి. జాలర్లు ఏ పేరుతో పిలిస్తే ఆ పేరే రాసుకోవడం ఆయన పద్ధతి. కాబట్టి ఆ పుటల్లో పఫర్లు ‘కప్ప’ అన్న తెలుగు పేరుతోనే కనిపిస్తాయి. లాటిన్ పేరు తగిలించాలన్న తొందర లేకపోవడం వల్ల శాస్త్రజ్ఞుల లెక్కలో ఆయనకు దక్కాల్సిన ఘనత కొంత తగ్గింది. మనకు మాత్రం అదే మేలయింది. టాకిఫుగు ఆబ్లాంగస్‌ను జర్మన్ శాస్త్రజ్ఞుడు బ్లోఖ్ 1786లోనే కోరమాండల్ తీరం నుంచి వర్ణించాడు. 1875-78 మధ్య వచ్చిన ఫ్రాన్సిస్ డే భారతదేశపు చేపల గ్రంథం ఈ పాత సమాచారాన్నంతా ఒకచోటికి చేర్చింది.

పఫర్ల గురించి ఇటీవలి పెద్ద కబురు జన్యువులది. వీటి జీనోమ్ సకశేరుకాలన్నిటిలో అతి చిన్నవాటిలో ఒకటి. మనిషి జీనోమ్‌లో ఎనిమిదో వంతు ఉంటుంది, జన్యువుల సంఖ్య మాత్రం దాదాపు సమానం. జీవశాస్త్రజ్ఞుడు సిడ్నీ బ్రెన్నర్ ఈ పొదుపును చూసే పఫర్‌ను చదవాలన్నాడు. 2002లో ఫుగు అనే జపాన్ పఫర్ జీనోమ్ వెలువడింది. మనిషి తర్వాత చదివిన తొలి సకశేరుకం అదే. 2004లో మన ఉప్పుటేళ్ల పచ్చ పఫర్‌కు దగ్గరి చుట్టమైన డైకోటొమిక్టీర్ నైగ్రొవిరిడిస్ జీనోమ్ కూడా వచ్చింది.

తిన్నవాళ్లు

1774 సెప్టెంబరు 7న న్యూ కాలెడోనియా తీరంలో కెప్టెన్ కుక్ ఓడకు ఒక పఫర్ చేరింది. బొమ్మ గీయడంతో పొద్దుపోయింది, రాత్రి భోజనంలోకి కాలేయం, గుడ్లు మాత్రమే వచ్చాయి. కుక్, ఆయనతో ఉన్న ఫార్‌స్టర్ తండ్రీకొడుకులు తలా ఒక ముక్క రుచి చూశారు. తెల్లవారుజామున కాళ్లూ చేతులూ మొద్దుబారాయి. బరువైన వస్తువుకూ తేలికైనదానికీ తేడా తెలియలేదని కుక్ రాసుకున్నాడు. పేగులు తిన్న పంది చచ్చిపోయింది. వాళ్లు బతికింది ముక్క చిన్నది కావడం వల్లే.

జపాన్‌లో పఫర్ ఖరీదైన విందు. అక్కడ ప్రత్యేక అనుమతి ఉన్న వంటవాళ్లే ఫుగును కోయాలి. అయినా 1975లో పేరుపొందిన కబుకీ నటుడు బాండో మిత్సుగొరో కాలేయం అడిగి తిని చనిపోయాడు. 1983లో కాలేయం అమ్మకాన్ని దేశమంతా నిషేధించారు. యూరపు సమాఖ్య ఈ కుటుంబపు చేపలను తిండిగా అమ్మనివ్వదు.

విందు కోసం తిని చచ్చేవాళ్ల కన్నా ఆకలికి తిని చచ్చేవాళ్లు మనకు దగ్గర. బంగ్లాదేశ్‌లో 2008 ఏప్రిల్-జూన్ మధ్య మూడుచోట్ల జరిగిన ఘటనల్లో 141 మంది విషం పాలయ్యారు, 17 మంది చనిపోయారు. మన తీరంలో జాలర్లు ఈ చేపను పారేయడం తాతల నాటి నుంచి వస్తున్న అలవాటు. ఆ అలవాటు తెలియని ఊళ్లకు చేప చేరినప్పుడే చిక్కు.

తుంగభద్ర వైపు

అలాంటి ఊళ్లే పశ్చిమ కర్నూలువి. అక్కడి ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల నీళ్లలో కప్ప చేప లేదు. తుంగభద్ర దిగువ కాలువ, హంద్రీ మీది గాజులదిన్నె జలాశయం, ఊరి చెరువులు ఇచ్చేవి బొచ్చె, శీలావతి, కొరమీను, జెల్ల. మంత్రాలయం దాటి పోయే తుంగభద్ర నీళ్లు కృష్ణలో కలిసి చివరికి హంసలదీవి దగ్గర సముద్రం చేరతాయి. పఫర్లకు నచ్చే నీళ్లు ఆ కొసన ఉన్నాయి. మధ్యలో ప్రకాశం బ్యారేజీ, నాగార్జునసాగర్, శ్రీశైలం ఉండగా ఏ మొగ చేపా ఇటు ఎక్కిరాదు. మంచినీటి పఫర్లు దేశంలో ఉన్నాయి గానీ వాటి తావులు వేరు. లీయొడాన్ కట్‌కూటియా గంగ, బ్రహ్మపుత్ర, మహానది వైపుది. మరుగుజ్జు పఫర్ కేరళ నదులది, అలంకరణ చేపల దుకాణాల ద్వారా దేశాలు తిరుగుతోంది.

అయినా పశ్చిమ కర్నూలు పాఠకుడికి ఈ చేపతో ఒక పని ఉంది. తీరం సూటిగా కొలిచినా 300 కిలోమీటర్ల దూరం. ఈ వైపు ఎండు చేపలు కొనేవాళ్లలో చాలామంది బతికున్న సముద్రపు చేపను చూసి ఉండరు. తల తీసి, తోలు ఒలిచి ఎండబెడితే ఏ చేపో పోల్చుకోవడం కష్టం. ఈ విషం ఉడికించినా, వేయించినా, ఉప్పు వేసి ఎండబెట్టినా పోదు. రుచిలో, వాసనలో తెలియదు. ఒకటి రెండు మిల్లీగ్రాములు మనిషి ప్రాణం తీస్తాయి. తిన్న పది నిమిషాల నుంచి కొన్ని గంటల్లోపు పెదవులు, నాలుక తిమ్మిరెక్కుతాయి. తర్వాత వాంతులు, కాళ్లూ చేతులూ చచ్చుబడడం, మాట తడబడడం, చివరికి ఊపిరి ఆగడం. చాలాసేపు స్పృహ మాత్రం ఉంటుంది. విరుగుడు మందు లేదు. వెంటిలేటర్ మీద ఊపిరి నిలబెడితే ఒళ్లే విషాన్ని బయటికి పంపేస్తుంది. మొదటి 24 గంటలు గడిచినవాళ్లు సాధారణంగా కోలుకుంటారు.

కాబట్టి పేరు తెలియని, తోలు ఒలిచిన, పొలుసు జాడ లేని ఎండు చేప చవగ్గా వస్తోందని కొనకండి. చేప తిన్నాక నాలుక తిమ్మిరిగా ఉంటే ఇంటి వైద్యం మొదలుపెట్టకుండా 108కి ఫోన్ చేయండి. వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే తీసుకువెళ్లమని అడగండి. మిగిలిన కూరను పారేయకుండా డాక్టరుకు చూపించండి.